కైజూలవాడును, బాలుడును: ఒక జపాను టెలివిజను కథ పుట్టుక

1971వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, శుక్రవారము. సాయంకాలము ఏడు గంటలకు జపాను దేశపు పిల్లలు ఎప్పటివలెనే టెలివిజను పెట్టెల ముందు చేరిరి. ఆ వేళకు టీ.బి.ఎస్. ప్రసారసంస్థవారు ‘తిరిగివచ్చిన అల్ట్రామాన్’ అను ధారావాహికను ప్రతి వారము చూపుచుండిరి. వారమున కొక వింతమృగము పుట్టును, పట్టణమును కూలద్రోయును, కథానాయకుడు నలువది మీటర్ల వెండిదేహము దాల్చి దానిని సంహరించును, పిల్లలు సంతసించి లేతురు. ఆనాటి 33వ భాగమున గూడ మృగము కలదు, యుద్ధము కలదు, విజయమును కలదు. కాని ఆ విజయమును చూచి సంతసించుటకు వీలులేనట్లు ఆ కథ కూర్పబడినది.

దాని పేరు జపాను భాషలో ‘కైజూత్సుకాయి తో షోనెన్’. కైజూ యనగా వింతమృగము. త్సుకాయి యనగా దానిని ఆడించువాడు. మనము పాములవాడు, కోతులవాడు అన్నట్లు దీనిని ‘కైజూలవాడును, బాలుడును’ అని తెనిగించితిమి. పిల్లల వినోదమునకై వారము వారము తయారగు ఇట్టి కథను విశ్వవిద్యాలయ పత్రికలో చర్చింప నేల యని చదువరులు అడుగవచ్చును. మేమును మొదట సంకోచించితిమి. ఈ కథకు మూలము ఒక ఉచ్చారణ పరీక్ష యనియు, ఆ పరీక్షలో తప్పినవారు ప్రాణములు గోల్పోయిరనియు తెలిసిన పిమ్మట ఆ సంకోచము తొలగినది. భాషాశాఖవారికి ఇంతకంటె దగ్గరి విషయము వేరొకటి యుండదు.

ముందుగా ఈ ధారావాహిక సంగతి కొంత చెప్పవలసియున్నది. 1954లో వెలువడిన ‘గొజిరా’ చలనచిత్రమునకు మాయాదృశ్యములు కల్పించిన త్సుబురాయ ఎయిజి 1963లో సొంత నిర్మాణసంస్థను నెలకొల్పెను. 1966లో ఆ సంస్థ టెలివిజనుకై ‘అల్ట్రా క్యూ’ను, వెనువెంటనే ‘అల్ట్రామాన్’ను, 1967లో ‘అల్ట్రా సెవెన్’ను నిర్మించినది. 1968 శరత్తు నాటికి ఆ పరంపర ఆగినది. ఎయిజి 1970 జనవరి 25న మరణించెను. ఆయన పోయిన పిదప 1971 ఏప్రిల్ 2న మొదలైనది ‘తిరిగివచ్చిన అల్ట్రామాన్’. 1972 మార్చి 31 వరకు 51 భాగములు నడచినది. తొలి భాగమునకును, తుది భాగమునకును దర్శకత్వము వహించినవాడు ‘గొజిరా’ దర్శకుడైన హొండా ఇషిరోయే.

ఇట్టి ధారావాహికలో కథారచయిత స్థితి అవధానసభలో సమస్యాపూరణము చేయు కవి స్థితి వంటిది. నాలుగవ పాదము పృచ్ఛకుడు ముందే యిచ్చియున్నాడు: మృగము చావవలెను, నాయకుడు గెలువవలెను. ఇరువదియైదు నిముషములకు లోబడి మిగిలిన మూడు పాదములను కవి నింపవలెను. సామాన్యుడైన కవి ఆ పాదమును తృప్తిపరచి ఊరకుండును. సమర్థుడు తన మూడు పాదముల బలముచేత ఇచ్చిన పాదపు అర్థమునే త్రిప్పివేయును. మన మిచట చూడబోవునది అట్టి పూరణము.

ఈ ధారావాహికకు టీ.బి.ఎస్. పక్షమున నిర్మాతగా నున్నవాడు హషిమొతొ యోజి. ప్రతి కథకును ఒక ప్రతిపాద్యవిషయ ముండవలెనని రచయితలను నిర్బంధించు స్వభావము కలవాడు. ‘మృగ మెట్టిది’ యని కాక ‘దీనిలో నీవు చెప్పదలచిన దేమి’ యని అడుగువాడని ప్రసిద్ధి. ప్రధాన రచయితగా నిలిచినవాడు ఉయెహర షోజో. ఆతడు 1937లో ఒకినావా ద్వీపపు ముఖ్యపట్టణమైన నహాలో జన్మించెను. టోక్యోలోని చూవో విశ్వవిద్యాలయమున చదివెను. ఆతనిని త్సుబురాయ సంస్థకు తెచ్చినవాడు తోడి ఒకినావావాసియైన కింజో తెత్సువో. తొలి అల్ట్రా ధారావాహికలకు ఊపిరిపోసిన రచయిత.

ఒకినావావారని యింత నొక్కి చెప్పుటకు కారణ మున్నది. ఒకినావా మొదట ర్యూక్యూ అను వేరు రాజ్యము. 1879లో జపాను దానిని కలుపుకొన్నది. అచటి భాష జపాను భాషకు జ్ఞాతియే కాని ఒకరి మాట మఱియొకరికి తెలియదు. బడులలో ఒకినావా మాట పలికిన పిల్లవాని మెడలో ‘మాండలికపు పలక’ యను కొయ్యబిళ్ళను శిక్షగా వ్రేలాడదీయు ఆచారము చిరకాలము సాగినది. 1945లో ఆ ద్వీపముపై జరిగిన యుద్ధమున అసంఖ్యాకులగు పౌరులు మడిసిరి. తరువాత ఇరువదియేడేండ్లు అది అమెరికావారి పాలనలో నుండెను. అక్కడి యువకుడు టోక్యోలో చదువుటకు రావలెనన్నను ప్రయాణపత్రము చేతబట్టి, పరదేశమునకు వచ్చినట్లే వచ్చుచుండెను. తన దేశమని చెప్పబడు దేశమునకు పరదేశివలె వచ్చినవాడు, ఇతరలోకమునుండి వచ్చిన ప్రాణులను గూర్చి పిల్లలకు కథలు వ్రాయుట యన్నది కేవలము ఉపాధి కాజాలదు.

కింజో 1969లో సంస్థను వీడి స్వద్వీపమునకు మరలిపోయెను. ‘తిరిగివచ్చిన అల్ట్రామాన్’కు ఆతడు వ్రాసి యిచ్చిన భాగ మొక్కటే, 1971 జూనులో ప్రసారమైన 11వ భాగము. దానిలోని మృగము విషవాయువును క్రక్కును. ఒకినావాలోని అమెరికా సేనల విషవాయు నిల్వలను తరలించుచున్న సంవత్సర మది. కింజో ఒకినావా పేరెత్తకుండ ఆ మాట చెప్పెను. ఉయెహర ఎన్నుకొన్న మార్గమును అదియే. మన ఆలంకారికులు చెప్పిన ధ్వనిని ఇచట స్మరించుట అనుచితము కాదు. అయితే కావ్యమున ధ్వని సౌందర్యము కొఱకు. ఇచట అది వాచ్యముగా చెప్ప వీలులేని మాటకు ఆశ్రయము.

ఉయెహర తన వ్రాతప్రతికి మొదట పెట్టిన పేరు ‘నీవు చేరగోరు దూరపు నక్షత్రము’ అను అర్థము గలది. పిల్లల కథకు తగిన తీయని పేరు. కథ మాత్రము తీయనిది కాదు.

నదీతీరమున, కర్మాగారముల పొగగొట్టముల నీడలో, పాడుపడిన గుడిసె. అందులో అనాథుడైన ర్యో అను బాలుడు ఉండును. పగలెల్ల ఆ గట్టు నేలను త్రవ్వుచుండును. వీడు మనుష్యుడు కాడు, ఇతరగ్రహవాసి యని ఊరిలో వదంతి పుట్టినది. పెద్దపిల్లలు కొందఱు వానిని పట్టి, మెడవరకు గోతిలో పూడ్చి, తలపై బురదనీరు పోయుదురు. వాడు వండుకొన్న గంజికుండను తన్ని, మెతుకులను కాలితో మట్టగింతురు. గో అను కథానాయకుడు విచారింపగా తేలిన దేమనగా, బాలుడు ఉత్తరమున హొక్కాయిదో ద్వీపమునుండి వచ్చినవాడు, కూలికై టోక్యో వచ్చి జాడ తెలియకుండ పోయిన తండ్రిని వెదకుచు వచ్చిన బిడ్డ, తల్లి మరణించినది. వాడు అచ్చపు మనుష్యుడే. ఇతరగ్రహవాసి వేరొకడు కలడు. గుడిసెలో రోగియై పడియున్న వృద్ధుడు, కనయామా. వాతావరణ పరిశీలనకై భూమికి వచ్చి, చలికిని ఆకటికిని చావనున్న ఈ బాలుని చూచి విడిచిపోలేక నిలిచిపోయినవాడు. తన వ్యోమనౌకను నది యొడ్డున భూమిలో దాచెను. ఆ తావున తిరుగాడుచున్న మురుచి యను వింతమృగమును గూడ తన మనశ్శక్తిచేత భూమిలోనే బంధించెను. కొంతకాలమునకు ఇచటి విషపుగాలి ఆతని దేహమును తినివేసినది. నౌకను పైకి తీయు శక్తి నశించినది. బాలుడు త్రవ్వుచున్నది ఆ నౌక కొఱకే. దొరకినచో ఇద్దఱును కలిసి ఈ భూమిని విడిచిపోవలెనని వారి కోరిక.

తుదకు ఊరి జనము గుంపై కఱ్ఱలతో వచ్చి బాలుని ఈడ్చుకొనిపోవుచుండగా వృద్ధుడు గుడిసెనుండి తూలుచు వెలువడి, ఇతరగ్రహవాసిని నేను, ఆ బిడ్డను విడువుడని ప్రార్థించును. గుంపుతో వచ్చిన రక్షకభటుడు తుపాకి పేల్చును. వృద్ధుడు నేలకొరగగానే ఆతని శక్తి తొలగి, మురుచి భూమిని చీల్చుకొని పైకి వచ్చును. అప్పటివరకు చంపుడని అఱచిన గుంపే గో కాళ్ళపై బడి మృగమును సంహరింపుమని వేడుకొనును.

ఇక మూలముకడకు వత్తము. 1923 సెప్టెంబరు 1న టోక్యో, యొకొహామా ప్రాంతమున మహాభూకంపము సంభవించి, దానివెంట పుట్టిన అగ్నిచేత లక్షకు పైబడిన జనులు మరణించిరి. కొరియావారు బావులలో విషము కలుపుచున్నారని, ఇండ్లకు నిప్పు పెట్టుచున్నారని వదంతి లేచినది. అప్పటికి కొరియా జపాను పాలనలో నుండుటచే కూలికై వచ్చిన కొరియనులు ఆ ప్రాంతమున చాలమంది యుండిరి. ఊరూర ఆత్మరక్షక దళములు ఏర్పడి, వెదురు బల్లెములు పట్టి, త్రోవలకు అడ్డము నిలిచెను. హతుల సంఖ్య విషయమున చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. వేలలోనే యని పలువురి గణన. సైనికులకును, రక్షకభటులకును ఆ హత్యలలో పాలున్నట్లు ప్రభుత్వ పత్రములే తెలుపుచున్నవి.

ముఖము చూచి కొరియనుని, జపానీయుని వేరుచేయుట సాధ్యము కాదు. కావున అడ్డము నిలిచినవారు ఒక మాట పలుకుమనిరి: ‘జూగో ఎన్ గొజిస్సెన్’. పదునైదు యెన్నులు, ఏబది సెన్నులు. అంగడిలో నోటనాడు మాట. దాని అర్థముతో ఎవరికిని పని లేదు. పని యంతయు ‘జూ’తోను, ‘గొ’తోను. మన వ్యాకరణముల మాటలలో చెప్పవలెనన్నచో ఇది సరళములకు పెట్టిన పరీక్ష. తెలుగువానికి కాలి వేరు, గాలి వేరు. చాలి వేరు, జాలి వేరు. జపాను భాషలోను అంతే. కొరియా భాషలో పదాదిని సరళము రాదు. అదే హల్లు రెండచ్చుల నడుమ పడినచో దానంతట సరళముగా పలుకబడును గాని, పలుకువానికి ఆ భేదము చెవికి తగులదు. మన పొరుగున తమిళమునందును అచ్చపు మాటల తీరు ఇంచుమించు ఇట్టిదే. గోవిందుడు తమిళ లిపిలో కోవిందుడుగా వ్రాయబడుట అందఱెరిగినదే. కొరియనుని నోట ‘జూ’ ‘చూ’ యగును, ‘గొ’ ‘కొ’ యగును. అట్లు పలికినవానిని చంపిరి.

పరుష సరళముల భేదమును మేము తరగతిగదిలో ఎన్నిమారులు బోధించితిమో చెప్పలేము. గసడదవాదేశమును వల్లెవేయు విద్యార్థి, దానివలన ఒకని మెడపై కత్తి పడగలదని యూహింపడు. మేమును ఊహించినవారము కాము.

ఈ పరీక్ష కొరియనులతో ఆగలేదు. నాలుక తిరుగనివారందఱును అనుమానితులైరి. చిబా మండలమున ఫుకుదా గ్రామమునందు కగావా ప్రాంతపు మందులవర్తకులు తొమ్మండుగురు, వారి యాస వేరుగా నున్నదని చంపబడిరి. అదే మండలమున కెమిగావలో హతులైన మువ్వురు యువకులలో ఒకడు ఒకినావావాడు. ఉయెహరకు ఈ సంగతులు కేవలము చరిత్ర కావు. ఈ కథ వ్రాయునపుడు తన మనస్సున నున్నది ఆ 1923 నాటి హత్యలే యని ఆతడు తరువాతి కాలపు సంభాషణలలో స్వయముగా చెప్పెను. తన ద్వీపపు యాసతో ఆ దారిని నడచియున్నచో తనకును అదియే గతి పట్టియుండెడిదని ఆతని భావము.

అయినను కథలో కొరియా పేరు లేదు, ఒకినావా పేరు లేదు, భూకంపము లేదు. ఉన్నవి రెండు పేర్లు మాత్రమే. వృద్ధునిది కనయామా. ‘బంగారు కొండ’ యని అర్థము. కొరియనులలో బహుళముగా కనబడు ‘కిమ్’ అను ఇంటిపేరును బంగారమను అక్షరముతోనే వ్రాయుదురు. 1940లో జపాను పాలకులు కొరియనులచే జపాను పేర్లు పెట్టించినపుడు, కిమ్ ఇంటివారు ఆ అక్షరమును నిలుపుకొనుచు కనయామా, కనెదా, కనెమొతొ అను పేర్లు గ్రహించిరి. జపానులో మిగిలిన కుటుంబములలో పెక్కు అవే పేర్లతో నేటికిని బ్రతుకుచున్నవి. చూచు పిల్లవానికి కనయామా అందఱివంటి జపానీయుడు. ఎరిగిన పెద్దవానికి ఆ పేరు వినగానే గుండె జల్లుమనును. మృగము పేరు మురుచి. ఇది ‘కమురుచి’ యను చేప పేరునుండి పుట్టినదని చెప్పుదురు. అది మన కొరమేను జాతి చేప. కొరియానుండి జపాను నీటికి తేబడినది. పేరును కొరియా భాషనుండి వచ్చినదే. రచయిత ఇంత దూరము ఆలోచించెనో, చేప బొమ్మ చూచి ఊరక పెట్టిరో నిర్ణయించుటకు మేము సాహసింపము. కనయామా విషయమున మాత్రము సందేహమునకు తావు లేదు.

ఈ వ్రాతప్రతిని దర్శకుడు తోజో షోహెయి చేతికిచ్చిరి. ఆతడు 1939లో జన్మించినవాడు. త్సుబురాయ సంస్థలో చాలకాలము సహాయదర్శకుడుగా పనిచేసినవాడు. ఈ ధారావాహికలో ఆతనికి దక్కిన భాగ మిది యొక్కటే. లభించిన యవకాశమును భద్రముగా వాడుకొని మెప్పు పొందుదమని ఆతడు తలపలేదు. వ్రాతలో నున్న కాఠిన్యమును తెరపై ఇంకను పెంచెను. బాలుని బురదలో పూడ్చు దృశ్యమును, మెతుకులను త్రొక్కు దృశ్యమును కెమెరా కన్నార్పక చూచును. హింస చేయువారు రాక్షసవేషధారులు కారు. బడిదుస్తులు తొడిగిన పిల్లలు. పిల్లల కార్యక్రమమున, చూచు పిల్లల వయస్సుకు కొంచెము పైబడిన పిల్లలు.

ఒక్క చిన్న దృశ్యమును గూర్చి వేరుగా చెప్పవలెను. బాలుడు రొట్టె కొనుటకు అంగడి వీధికి వెళ్ళును. దుకాణపుటామె అమ్మననును. నిరాశుడై వాడు మరలిపోవుచుండగా ఆ యింటి కూతురు వానవేళ వెంటబడి వచ్చి రొట్టె యిచ్చును. జాలి చూపవలదని బాలుడు బిరుసుగా ననగా, ఇది జాలి కాదు, మాది రొట్టెల అంగడి గనుక అమ్ముచున్నాను అని ఆమె బదులు చెప్పును. ఈ కథ మొత్తమునకు గుండెకాయ ఈ మాటయే యని మా యభిప్రాయము. ఆమె వానిని రక్షింపలేదు, కౌగిలింపలేదు, మానవత్వమును గూర్చి ఉపన్యసింపలేదు. కొనవచ్చినవానికి అమ్మినది. ఊరిలోని మిగిలినవారు చేయనిది అంతమాత్రమే. సానుభూతి పుట్టింపదలచు రచనలలో ఉదారపాత్రలు మితిమీరి మాటలాడుట మనకు పరిపాటి. ఈ బాలిక మాటలోని పొదుపు గమనింపదగినది.

యుద్ధదృశ్యమునకు వత్తము, సమస్యలోని నాలుగవ పాద మిదియే. గుంపు వేడుకొన్నను గో కదలడు. మృగమును రప్పించినవారు మీరే కదా యని ఆతని మనస్సు మొరాయించును. రక్షకుడు రక్షింప నిరాకరించుట ఈ జాతి కథలలో అపూర్వము. అప్పుడు ఆతని దళనాయకుడైన ఇబుకి, భిక్షువు వేషమున, వెదురుటోపితో కనబడి, ఊరు కూలుచున్నది, నీకు తెలియదా యని హెచ్చరించును. ఈ నాయకుడే అంతకు ముందు ఒక చోట, పూలను పెంచు చేతులే ఒకమారు కత్తి పట్టినచో ఎంత క్రౌర్యమునకైన ఒడిగట్టునను భావమును తన జాతిని గూర్చి చెప్పియున్నాడు. ఆ దుస్తు లేల యని కథ చెప్పదు. చనిపోయినవానికి సంస్కారము చేయుటకు వచ్చినవానివలె ఆతడు మా కంటికి తోచినాడు.

గో అల్ట్రామానుగా మారును. జోరున వాన. కర్మాగారముల నమూనాలు ముందు వరుసను నిలిపి, వాటి వెనుక ఇద్దఱు పెనుగులాడుచుండగా కెమెరా ప్రక్కకు జరుగుచు, నఱకులు లేకుండ, ఒకే పొడవైన చిత్రణముగా దృశ్యమును పట్టినది. ఈ కార్యక్రమములలో యుద్ధములు సాధారణముగా చిన్నచిన్న తునుకలుగా తీసి కూర్చబడును. నమూనాల లోపములు, వేషపు మడతలు కనబడకుండుటకు అదియే ఉపాయము. తోజో బృందము ఆ రక్షణను వదలుకొన్నది. అందువలన యుద్ధమునకు ఉత్సాహమునకు బదులు భారము వచ్చినది. మృగము చచ్చును. గెలిచినవాడు వానలో నిలిచియుండును. నాలుగవ పాదము అక్షరమైన మారలేదు, అర్థము మాత్రము తలక్రిందులైనది.

పూర్తియైన చిత్రమును చూచి ప్రసారసంస్థవారు ఇది ప్రసారమునకు తగదనిరి. కొన్ని దృశ్యములను మరల చిత్రీకరించి, కూర్పు మార్చిన పిదపనే హషిమొతొ దానిని ప్రసారమునకు తేగలిగెను. చూచువారు పసిపిల్లలన్న వాదమును మేము తేలికగా త్రోసివేయము. ఆరేండ్ల బిడ్డ ముందు ఈ దృశ్యముల నుంచుటకు మేమైనను జంకుదుము. కాని కాలమును గూడ గమనింపవలెను. ఒకినావాను జపానుకు మరల నప్పగించు ఒడంబడికను అచటి సేనాస్థావరములతో సహా ఆమోదించుటకు శాసనసభా సంఘమున బలవంతపు ఓటు జరిగినది 1971 నవంబరు 17న. ఆ ద్వీపవాసుల మాట వినకయే అది ముగిసినది. రెండు దినముల తరువాత ఒకినావావాడు వ్రాసిన ఈ కథ తెరపైకి వచ్చినది. ఎవరును ఆ తేదీలను కూర్చియుండరు. అయినను అవి ప్రక్కప్రక్కనే యున్నవి.

ఈ కథ కారణముగా ఉయెహరను ధారావాహికనుండి తొలగించిరని, తోజోను క్రిందిపదవికి దించిరని ఒక ఐతిహ్యము అభిమానులలో ప్రచారమున నున్నది. అందులో కొంత నిజము కలదు. తోజో మరల సహాయదర్శకుడై పనిచేసెను. ఈ ధారావాహికలో వేరొక భాగమునకు దర్శకత్వము వహింపలేదు. ఉయెహర పేరు మాత్రము డిసెంబరులోని 37, 38వ భాగములపైనను, తుదిదైన 51వ భాగముపైనను రచయితగా కనబడుచున్నది. ఆతని పాలు తగ్గినదనుట సరియే గాని, వెళ్ళగొట్టిరనుట అతిశయోక్తి. హింసింపబడినవాని కథ వ్రాసినవాడు తానును హింసింపబడినాడని చెప్పుకొనుట వినుటకు ఇంపుగా నుండును. ఇట్టి ఇంపును పరిశోధకుడు అనుమానింపవలెను. తరువాత ఉయెహర 1975లో ‘గొరెంజర్’ను, 1982లో ‘గావన్’ను వ్రాసి ఆ రంగమున పెద్దయై నిలిచెను. తోజోయు తోయె సంస్థవారి వీరబృంద ధారావాహికలకు చిరకాలము దర్శకుడుగా నుండెను.

ఈ కథయందు ఒక దోషము కలదని ఆక్షేపింపవచ్చును. 1923 నాటి వదంతి పచ్చి యబద్ధము. బావులలో విషము లేదు. ఇచ్చటనో, గుడిసెలో నిజముగనే ఇతరగ్రహవాసి యున్నాడు. భూమిలో నిజముగనే మృగ మున్నది. అట్లయిన గుంపు అనుమానము నిజమే యైనది కదా? అన్యాపదేశమున ఇది చిన్న చిక్కు కాదు. దీని నెత్తి చూపినవారిని మేము తప్పుపట్టము. ఇందుకు సమాధానము కథాశరీరమునందే కలదని మాత్రము చెప్పుదుము. మృగ ముండినది, దానిని కట్టియుంచినవాడు ఆ వృద్ధుడే. ఊరివారు భయపడిన యాపదకును, వారికిని నడుమ అడ్డముగా నిలిచియున్నది వారు చంపిన దేహమే. పేరులోని ‘కైజూలవాడు’ అన్న మాట అప్పుడు వ్యంగ్యమగును. పాములవాడు పామును ఆడించి బ్రతుకును. ఈ కైజూలవాడు మృగము నిద్రించియుండవలెనని తన శక్తిని ధారపోసెను. వానిని చంపి మృగమును లేపినవారు కఱ్ఱలు పట్టిన ఆ సాధువులైన గృహస్థులు. కాగా, అసలు ‘కైజూలవారు’ వారేయేమో.

రక్షకభటుని తుపాకి విషయమున మాకు వేరొక సందేహ ముండెను. గుంపు కొట్టి చంపుటకు బదులు ఒక ఉద్యోగి పేల్చుటచే జనుల నేరము పలుచనైనదని మొదటిసారి చూచినపుడు తలచితిమి. 1923 నాటి వృత్తాంతములను చదివిన పిదప ఆ యభిప్రాయము మార్చుకొంటిమి. ఆనాడును గుంపు వేరు, అధికారము వేరు కాదు; ఒకరి చేతికి మఱియొకరి ధైర్యము. గుంపు నడుమ నిలిచి, దాని భయమునకే లోబడి తుపాకి పేల్చు ఆ భటుడు చరిత్రకు దూరముగా లేడు.

2006లో అదే పరంపరలోని ‘అల్ట్రామాన్ మెబియస్’ 32వ భాగము ఈ కథకు అనుబంధముగా వచ్చినది. దానిని వ్రాసినవాడు నవోకి బహుమానము పొందిన నవలాకారుడు షుకావా మినాతొ. చిన్నతనమున తెరపై చూచిన కథకు పెద్దయైన పిదప ఒక రచయిత బదులు వ్రాయుట మన సాహిత్యమునందును అరుదైన గౌరవమే. ఉయెహర తన బాల్యపు ఒకినావాను ఆధారముగా చేసికొని 2017లో ‘కిజిమునా కిడ్స్’ అను నవలను ప్రకటించెను. దానికి త్సుబొతా జోజి సాహిత్య బహుమానము లభించినది. ఈసారి ద్వీపమును దాని పేరుతోనే పిలిచెను. ఆతడు 2020 జనవరి 2న మరణించెను.

మూలకథ చివర వాన వెలసియున్నది. వృద్ధుడు లేడు. బాలుడు ఎప్పటివలెనే నదిగట్టున త్రవ్వుచున్నాడు. ఎంతవరకు త్రవ్వునో యని దళమువా డొకడు అడుగగా, నౌక కనబడువరకు మానడనియు, వాడు ఈ భూమికి వీడ్కోలు చెప్పదలచుచున్నాడనియు గో బదులిచ్చును. కెమెరా దూరముగా జరుగుచుండగా గోతులతో నిండిన నేలయు, అందులో పలుగు ఎత్తి దించుచున్న చిన్న రూపమును కనబడుచుండును.